డాక్టరు రాయని జాగ్రత్తలు

మా వంశంలో దూరదృష్టి ఎవరికీ లేదు. ఈ మాటను ఎటు తిప్పి చదువుకున్నా నిజమే. మా నాన్నకు సోడాబుడ్డి అద్దాలు. నాకు ఆరో తరగతిలో వచ్చాయి. మా మేనత్త కొడుక్కి నాకంటే రెండేళ్ల ముందే వచ్చాయి. ఇదేదీ ఆలోచించకుండా పెద్దవాళ్లు మా ఇద్దరికీ పెళ్లి చేశారు. ఫోటోల్లో మెరుపు పడుతుందని తలంబ్రాలప్పుడు ఫోటోగ్రాఫరు ఇద్దరి అద్దాలూ తీయించాడు. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. నేను దోసిలి నిండా బియ్యం తీసుకుని, తల వంచుకుని, ఎంతో సిగ్గుపడుతూ మంత్రాలు చదువుతున్న అయ్యగారి నెత్తిన పోశాను.

బావ గోదావరిఖనిలో బొగ్గుబాయి ఎలక్ట్రీషియన్. భూమి లోపల పని. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా అమ్మాయి గురుకులం హాస్టల్లో ఉండి చదువుకుంటుంది, ప్రత్యేక తరగతులని సెలవుల్లోనూ రాదు. ఇంట్లో ఉండేది మేమిద్దరం, మా అత్తమ్మ. అత్తమ్మ అంటే మా నాన్న సొంత చెల్లెలు. కాబట్టి మా మధ్య కోడలి మర్యాదలు తక్కువ, మాటకు మాట ఎక్కువ.

బాయి లోపల గాలి వేడిగా, చెమ్మగా ఉంటుంది. దిగిన పది నిమిషాలకే అద్దాలు మసకబారతాయి. తుడుద్దామంటే చేతిగుడ్డకు బొగ్గుపొడి. తుడిచిన కొద్దీ గీతలు. బావ అద్దాలు ఆర్నెల్లు తిరగకముందే గరుకు కాగితంతో రుద్దినట్టు అయ్యేవి. ఒకరోజు స్విచ్చు పెట్టె ముందు వంగినప్పుడు అవి జారి నీళ్ల గుంటలో పడ్డాయి. నలుగురు టోపీ దీపాలతో వెతికితే దొరికాయి, కానీ ఒక అద్దం ఊడిపోయింది. మిగిలిన షిఫ్టంతా ఆయన ఒక కన్ను మూసుకుని పని చేశాడు. పైకొచ్చి దీపం అప్పజెప్పేటప్పుడు కూడా ఆ కన్ను మూసే ఉంది. ల్యాంపురూములో పనిచేసే అక్క ఊరుకోలేదు.

"ఏందన్నా, ఇంతమందిల నాకు కన్ను గొడుతున్నవ్? వదినెకు ఫోన్ జెయ్యమంటవా?"

చుట్టూ ఉన్న యాభైమంది నవ్వారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం కూడా చెయ్యకుండా, బావ ప్రకటించాడు.

"నేను లేజర్ జేయించుకుంట."

ఆ రోజు మొదలు ఆర్నెల్లు ఆయన ఫోన్లో కళ్లే చూశాడు. ఎవరెవరివో కళ్లు. కోస్తున్నవి, కుడుతున్నవి, బాగయ్యాక నవ్వుతున్నవి. అన్నం తింటుంటే పక్కన ఒక కన్ను తెరుచుకుని మమ్మల్నే చూసేది. అత్తమ్మ కంచం తీసుకుని వాకిట్లోకి పోయేది. బావకు తెలియని సంగతి లేదిక. మందుల షాపు ముందు నిలబడి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ బ్లేడు పద్ధతికీ బ్లేడు లేని పద్ధతికీ తేడా చెప్పేవాడు. వినేవాళ్లు మొదట అద్దాలున్నవాళ్లు, తర్వాత అద్దాలు లేనివాళ్లు, చివరికి బస్సు కోసం నిలబడి ఎటూ పోలేనివాళ్లు.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం తాటిముంజలు తెచ్చాడు. మేం తిందామని కూర్చుంటే ఒక ముంజను అరచేతిలో పెట్టుకుని, గడ్డం గీసుకునే బ్లేడు కొత్తది విప్పాడు.

"ఇగో, గిది నీ కన్ను అనుకో," అన్నాడు నాతో.

"నా కన్నెందుకు? నీ కన్నే అనుకో."

"సరే, అవ్వ కన్ను అనుకుందాం," అన్నాడు వాళ్లమ్మను చూపిస్తూ.

"నా కంటి జోలికొస్తె చెయ్యి ఇరుగుతది," అంది అత్తమ్మ, చూపు ముంజ మీది నుంచి తిప్పకుండా.

బావ ముంజ మీద పలచటి పొరను మూత లేపినట్టు లేపాడు. ఒక పక్క అతుక్కునే ఉంచాడు. ఆ మూత కింద లేజరు కొట్టి కంటి వంపును సరిచేస్తారట, మళ్లీ మూత వేసేస్తారట. కుట్లు ఉండవు. పాత పద్ధతిలో ఆ మూతను చిన్న బ్లేడుతో కోస్తారు. కొత్త పద్ధతిలో కొయ్యడానికి కూడా లేజరే.

"బ్లేడైతె ఒకకాడ మందం, ఒకకాడ పల్చగ కోసుకపోవచ్చు. లేజరైతె అంతట ఒక్కతీరు. కావాలంటె ఇంక సన్నగ గూడ లేపచ్చు."

"మరి నష్టం లేదా?" అన్నాను.

"ఎందుకుండదు? ఖర్చెక్కువ. కన్నును మిషన్ పట్టుకున్నప్పుడు కొంచెంసేపు చీకట్లయితది. తర్వాత కొన్నొద్దులు ఎల్తురు సూడబుద్ధి గాదు. ఇగ కండ్లు ఎండుతయ్. గది రెండిట్ల గూడ ఉంటది."

"రెండిట్ల గూడ ఎండుతయా?" అత్తమ్మ ముఖం చిట్లించింది. "మరి ఆర్నెల్ల సంది గింత ఒర్రుడెందుకురా?" అని, ఆయన చేతిలోని కంటిని తీసుకుని, మూతతో సహా నోట్లో వేసుకుంది.

మే నెలలో బావ మూడు రోజులు సెలవు పెట్టాడు. నాకు బడి సెలవులు. తోడు రమ్మంటే హైదరాబాదు బయల్దేరాను. రామగుండంలో పొద్దున రైలెక్కినప్పటి నుంచి ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది. అద్దాలు తీసి, పెట్టి, మళ్లీ తీసి, "ఇగ మీ పని అయిపోయింది బిడ్డా," అని వాటితోనే మాట్లాడాడు.

ఆ కంటి దవాఖానలో పరీక్షలకే సగం రోజు పట్టింది. ఒక యంత్రం ముందు గడ్డం ఆనించాలి, ఇంకో యంత్రంలో గాలి బెలూను బొమ్మ చూడాలి, తర్వాత చుక్కల మందు వేసి కళ్లు మూసుకు కూర్చోబెడతారు. బావ అలా కూర్చున్నప్పుడు కౌంటర్లోని అమ్మాయి నావైపు చూసింది.

"మీకూ అద్దాలున్నాయి కదా మేడం. మీరు కూడా చూపించుకుంటారా?"

నేను వద్దన్నాను. కళ్లు మూసుకునే ఉన్న బావ ఉదారంగా చెయ్యి ఊపాడు.

"సూపించుకోయే. పోయేదేమున్నది?"

ఆ మాట అన్నందుకు ఆయన ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదని నా అనుమానం.

సాయంత్రం డాక్టరుగారు పిలిచారు. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. ఆయన కూడా అద్దాలు పెట్టుకునే ఉన్నారు. అది చూడగానే నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. బల్ల మీద రంగురంగుల పటాలు పరిచారు. బావ కంటి పటంలో కింది భాగంలో ఎరుపు మచ్చ ఉంది.

"మీ కంటిపొర సన్నగా ఉంది. ఇదిగో, ఇక్కడ కొంచెం ముందుకు ఉబ్బుతున్నట్టు అనుమానం కూడా ఉంది. మీకు ఈ ఆపరేషన్ చెయ్యకూడదు."

బావ తడబడలేదు. ఆర్నెల్ల చదువు ఊరికే పోదు కదా. "సార్, బ్లేడ్‌లెస్‌ల సన్నటి ఫ్లాప్ లేపచ్చు గద? కింద ఎక్కువ మిగులుతది."

డాక్టరుగారు ఆయన వైపు మెచ్చుకోలుగా చూశారు. "మీరు చదివింది నిజమే. కానీ ఎంత సన్నగా లేపినా, కింద మిగిలేది మీ విషయంలో చాలదు. పైగా ఈ ఉబ్బు ఉంటే బ్లేడుతోనూ వద్దు, బ్లేడు లేకుండానూ వద్దు. చేస్తే రెండేళ్లకో మూడేళ్లకో చూపు ఇంకా చెడుతుంది. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి."

తర్వాత రెండో పటం తీశారు. అది పచ్చగా, వాన పడ్డ పొలంలా ఉంది.

"ఇది ఎవరిది?"

"నాదండి," అన్నాను, ఏదో తప్పు చేసినట్టు.

"బాగుంది. పొర మందంగా ఉంది, పవర్ కూడా చాలా ఏళ్లుగా మారలేదు. మీరు కావాలంటే చేయించుకోవచ్చు."

బావ ఆ పచ్చటి పటాన్ని తన పటం పక్కకు జరుపుకుని చూశాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక బావ అన్నాడు. "బాయిల పిల్లర్లుంటయి గద. కప్పు కూలకుండ కొంత బొగ్గు గట్లనే ఇడిచిపెడ్తరు. పిల్లర్ సన్నగున్నకాడ ఇంక తీస్తమంటె ఎవ్వడు ఒప్పుకోడు. డాక్టరు జెప్పింది గదే." అంటూ ఆ గీతలు పడ్డ అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. నాకు జాలేసింది. నిజంగానే వేసింది. కానీ ఆ జాలి కింద ఇంకోటేదో కుదురుగా కూర్చోలేక కదులుతూ ఉంది. ఆయన ఆర్నెల్లు పరీక్షకు చదివాడు. నేను హాలు దాకా తోడు వచ్చాను. పాసయింది నేను.

వారం రోజులు ఆలోచించాను. నా అద్దాలతో నాకు పెద్ద తగాదా లేదు. చాయ్ ఆవిరికి మబ్బు పట్టేవి, పిండి రుబ్బేటప్పుడు ముక్కు మీద జారేవి, వానలో పనికిరావు, అంతే. పైగా కొన్ని సుఖాలు ఉండేవి. ఎదురింట్లో ఎవరు గొడవపడుతున్నా అద్దాలు తీసేస్తే సరి, నేను చూడలేదని నిజాయితీగా చెప్పొచ్చు. భయం కూడా ఉంది. ఉన్న కన్నుతో ఆటలేమిటి? డాక్టరుగారు ఏదీ దాచలేదు. కళ్లు కొన్ని నెలలు ఎండవచ్చు, సాయంత్రం దీపాల చుట్టూ వలయాలు కనబడవచ్చు, కొద్దిగా పవర్ మళ్లీ రావచ్చు, నలభై దాటాక చదవడానికి అద్దాలు ఎలాగూ వస్తాయి. నాకప్పటికి ముప్పై ఏడు.

"ఎవ్వలకన్న ఒక్కరికి మంచి కండ్లుంటె మేలే గద," అంది అత్తమ్మ. "బియ్యంల రాళ్లు ఏరనీకి అక్కరకొస్తది."

బావ మాత్రం రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు తనే అన్నాడు. "చేయించుకో. నేనింత సదివింది ఉత్తగ పోవద్దు."

చాలా మంచి మాట. ఆ మాటకే ఒప్పుకున్నానని అందరికీ చెబుతుంటాను. కానీ మొదటిసారి చేయించుకుందామనిపించింది మాత్రం డాక్టరు గదిలో, ఆ పచ్చటి పటం తీసినప్పుడు బావ ముఖం చూసి.

మళ్లీ హైదరాబాదు పోయాం. ఆపరేషన్ రోజు ఆకుపచ్చ గౌను వేసి, నెత్తికి టోపీ పెట్టి, కళ్లలో మొద్దుబారే చుక్కలు వేశారు. రెప్పలు మూతపడకుండా ఏదో కొక్కెం పెట్టారు. నొప్పి లేదు, కానీ రెప్ప కొట్టలేకపోవడం ఎంత విచిత్రమో అనుభవిస్తేనే తెలుస్తుంది. మొదటి యంత్రం కిందికి జరిపి, కన్ను మీద ఏదో గట్టిగా నొక్కారు. బొటనవేలితో లోపలికి అదిమినట్టు ఉంది. చూపు బూడిదరంగులోకి మారి, తర్వాత నల్లబడింది. బావ ముందే చెప్పాడు కాబట్టి భయపడకూడదనుకున్నాను. ముందే చెప్పాడు కాబట్టే ఎక్కువ భయపడ్డాను. ఆర్నెల్ల వీడియోలన్నీ వరసగా తలలో తిరిగాయి.

తర్వాత రెండో యంత్రం. డాక్టరుగారు పొర లేపినట్టున్నారు, లోకమంతా నీళ్లలో మునిగింది. "పచ్చటి చుక్కనే చూడండమ్మా, కదలకండి," అన్నారు. టకటకమని చప్పుడు. అంతలో ఒక వాసన. ఎక్కడో వాసన చూశాననిపించి ఆలోచిస్తే తెలిసింది, ఆదివారం మటన్ దుకాణం ముందు మేకతల కాల్చేటప్పుడు వచ్చే వాసన. కాలుతున్నది నా కన్నే అని తెలిసి కూడా నాకు తలకాయ కూర గుర్తొచ్చింది. మనిషి ఆకలికి సమయం సందర్భం ఉండదు.

పావుగంటలో రెండు కళ్లూ అయిపోయాయి. లేచి కూర్చుంటే ఎదురుగోడ మీద గడియారం పొగమంచులో ఉన్నట్టుంది, కానీ ముల్లు కనబడింది. అద్దాల్లేకుండా గోడ గడియారం చూడటం ఆరో తరగతి తర్వాత అదే మొదటిసారి. తర్వాత నాలుగు గంటలు మాత్రం ఉల్లిగడ్డ పిండినట్టు మండాయి. లాడ్జి గదిలో నల్లద్దాలు పెట్టుకుని, దిండుకు ముఖం తగలకుండా వెల్లకిలా పడుకుని, కళ్ల నుంచి చెవుల్లోకి నీళ్లు కారుస్తూ ఉన్నాను. బావ గంటకోసారి చుక్కల మందు వేశాడు. ప్రతిసారీ ముందు చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. తన కంటి కోసం నేర్చుకున్న జాగ్రత్తలన్నీ నా కంటికి వాడాడు. ఒక్కమాట ఎత్తిపొడవలేదు. అది నాకు మండే కంటికంటే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

మర్నాడు పొద్దున పరీక్షలో చార్టులో చివరి వరస దాకా చదివాను. రోడ్డు మీదికి రాగానే బావ నాకు పరీక్ష పెట్టడం మొదలుపెట్టాడు. "ఆ బోర్డు కనబడ్తున్నదా? ఆ బస్సు మీద ఏం రాసున్నది?" అన్నీ చెప్పాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే, దూరంగా గేటు దగ్గర ఆగిన లారీని చూపించాడు.

"దాని నంబరు?"

నాకూ కనబడలేదు. కానీ వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. ఒక నాలుగంకెలు గబగబా చెప్పాను. బావ అద్దాలు ముక్కుకు నొక్కుకుని, కళ్లు చికిలించి చూసి, ఓడిపోయి, పక్క సీటాయనతో గర్వంగా అన్నాడు. "సూసిన్రా? గంత దూరం నంబర్ సదివింది. బ్లేడ్‌లెస్ గది."

రామగుండం వచ్చేలోపు నేను మూడు లారీలకు, ఒక ట్రాక్టరుకు నంబర్లు వేశాను.

ఇంటికి రాగానే అత్తమ్మ దవాఖాన కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. అది ఇంగ్లీషులో ఉంది. బావ స్నానానికి పోయాడు. "ఏం రాసిన్రు, సదువు," అంది.

మొదట నిజమే చదివాను. వారం రోజులు కళ్లలో నీళ్లు పడొద్దు. కళ్లు నలపొద్దు. పడుకునేటప్పుడు ప్లాస్టిక్ కవచం పెట్టుకోవాలి. పొగకు, దుమ్ముకు దూరంగా ఉండాలి. బయటికి పోతే నల్లద్దాలు. అత్తమ్మ ప్రతి మాటకూ "ఊ" కొడుతోంది. ఆమె అంత శ్రద్ధగా నా మాట వినడం నా జన్మలో చూడలేదు. ఆ శ్రద్ధే నన్ను చెడగొట్టింది.

"నెల రోజులు ఉల్లిగడ్డలు కొయ్యరాదు," అన్నాను.

"ఊ."

"రొట్టెలు చెయ్యరాదు. వంగి ఊడ్వరాదు."

"ఊ."

"మధ్యాహ్నం రెండు గంటలు తప్పకుండ పండాలె. మనసుకు కష్టమయ్యే మాటలు వినరాదు."

అత్తమ్మ కాసేపు నా ముఖం చూసింది. "గట్లనే బిడ్డ," అని లేచి, ఉల్లిగడ్డల బుట్ట తన వైపు జరుపుకుంది.

బావ తల తుడుచుకుంటూ బయటికొచ్చి కాగితం తీసుకున్నాడు. పైనుంచి కిందికి చదివాడు, వెనక్కి తిప్పి చూశాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. ఆ కాగితంలో ఏముంటుందో, ఏముండదో ఈ జిల్లాలో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయన.

"అవ్వా, ఇంకొకటి గూడ రాసిన్రు," అన్నాడు తీరిగ్గా. "పేషెంటు మొగని మీద ఒర్రద్దట. ఒర్రితె కంటి నరాల మీద జోరు పడ్తదట."

నేను ఆయన మీద అరవబోయాను. వీల్లేదు, అరవకూడదు కదా.

నాలుగు రోజులు ఇల్లు స్వర్గంలా నడిచింది. నేను పడుకున్నాను, లేచాను, చుక్కలు వేయించుకున్నాను. బావ తడి తువాలు మంచం మీద పడేసి, నా వైపు చూసి, వేలు కంటి మీద పెట్టి చూపించేవాడు. నేను పళ్లు నూరుకుని నవ్వేదాన్ని.

ఐదో రోజు పొద్దున అత్తమ్మ స్టీలు గ్లాసులో పచ్చటి రసం తెచ్చింది.

"ఏందిది?"

"కాకరకాయ రసం. లేజర్ జేసిన కండ్లకు దీన్ని మించింది లేదంట. దవాఖాన్ల నర్సమ్మ జెప్పింది. ఇరవై ఒక్క రోజు తాగాలె." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "గట్లనే పేషెంటు ఉన్న ఇంట్ల ఫోన్ సూడద్దంట. దాని కిరణాలు గోడకు తాకి మళ్లొచ్చి కంట్ల పడ్తయంట. నీ ఫోన్ ఇటు తే."

"గట్ల ఏం ఉండదవ్వా," అన్నాడు బావ.

"నీకంటె నర్సమ్మకు ఎక్కువ తెల్వదా? కోడలు కండ్లు వోతె నువ్విస్తవా? నీవి పనికే రావంటిరి."

ఫోన్ బియ్యం డబ్బాలోకి వెళ్లింది. డ్యూటీకి పోయేటప్పుడు చేతికొచ్చేది, ఇంటికి రాగానే మళ్లీ డబ్బాలోకి పోయేది. నేను కాకరకాయ రసం తాగుతూనే ఉన్నాను. ఒకసారి తులసి కుండీలో పోద్దామని చూస్తే అత్తమ్మ అక్కడే చాట పట్టుకుని కూర్చుంది.

ఆ రోజుల్లోనే ఒకటి జరిగింది. బావ మొదటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, చాయ్ గ్లాసుతో గడపలో కూర్చున్నాడు. నేను గదికి ఈ మూలన మంచం మీద ఉన్నాను. ఆయన రెప్పల అంచున సన్నగా నల్లటి గీత, ఎవరో శ్రద్ధగా కాటుక పెట్టినట్టు. బాయిలో పనిచేసేవాళ్లకు ఎంత కడిగినా రెప్పల మొదళ్లలో బొగ్గు నిలుస్తుందని నాకు తెలుసు. మా నాన్నకూ ఉండేది. కానీ పదిహేనేళ్ల కాపురంలో దాన్ని ఇంత దూరం నుంచి, అద్దాల్లేకుండా చూడటం అదే మొదలు. ఆయన అద్దాలు తీసి పక్కన పెట్టాడు, కాబట్టి నేను చూస్తున్నట్టు ఆయనకు తెలియదు. చాలాసేపు చూశాను. తర్వాత గోడకు వేలాడుతున్న బూజు కూడా కనబడింది. ఊడ్వరాదు కాబట్టి అటు తిరిగి పడుకున్నాను.

నెల తర్వాత మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. తనకూ ఒక కన్ను మసకగా ఉందని అత్తమ్మ కూడా బయల్దేరింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. డాక్టరుగారు నా కళ్లు చూసి, అంతా బాగుందన్నారు. మేం లేవబోతుంటే అత్తమ్మ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది.

"సారూ, ఒక్క మాట. మా కోడలు ఇగ ఉల్లిగడ్డలు కొయ్యచ్చునా?"

"కొయ్యొచ్చమ్మా. మొదటి వారం అయ్యాక ఎప్పుడైనా కొయ్యొచ్చు."

"రొట్టెలు?"

"చెయ్యొచ్చు."

"ఊడ్వచ్చునా?"

"దుమ్ము కళ్లలో పడకుండా చూసుకుంటే చాలు."

"మొగని మీద ఒర్రచ్చునా?"

డాక్టరుగారు కలం కింద పెట్టారు. "దానికీ కంటికీ సంబంధం లేదమ్మా."

బావ పైకప్పు వైపు చూశాడు. నాకు ఇక పోయేదేమీ లేదు. "సార్," అన్నాను, "రోజూ కాకరకాయ రసం తాగితే లేజర్ కళ్లకు మంచిదంటారా?"

"ఎవరు చెప్పారు మీకు?"

అత్తమ్మ గోడ మీద వేలాడుతున్న కంటి బొమ్మను హఠాత్తుగా, ఎంతో ఆసక్తితో పరిశీలించడం మొదలుపెట్టింది. ఆ సందులో బావ తన ఫోన్ సంగతి అడిగేశాడు. కిరణాలు గోడకు తగిలి తిరిగి రావని డాక్టరుగారు హామీ ఇచ్చారు. ఆయన మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసి మెల్లగా అడిగారు. "మీ ఇంట్లో ఇంకా ఎవరైనా డాక్టర్లున్నారా?"

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. "ఎప్పుడు తెలిసింది అత్తమ్మా?" అని అడిగాను.

"అప్పుడే. మనసుకు కష్టమయ్యే మాటలు ఇనద్దని ఏ డాక్టరన్న కాయితం మీద రాస్తడానే? ఇగ నువ్వు అబద్ధమాడినప్పుడల్లా ముక్కు మీది అద్దాలు మీదికి జరుపుకుంటవ్, చిన్నప్పటి సంది. ఆనాడు అద్దాల్లేవు, అయినా ఏలు వోయింది ముక్కు మీదికి. రొట్టెలకాడ ఒకసారి, ఊడ్చుడుకాడ ఒకసారి."

ఆమె కంట్లో శుక్లం ముదురుతోందని అదే రోజు చెప్పారు. చలికాలంలో చేయించుకుంది, మామూలు పద్ధతిలోనే, ఏ గొడవా లేకుండా. మూడో రోజే పొయ్యి దగ్గరికి పోతుంటే నేనూ బావా కలిసి పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది. బావ గీతలు పడని కొత్త రకం అద్దాలు కొనుక్కున్నాడు. అవి జారకుండా వెనక ఒక తాడు కట్టుకున్నాడు.

ఇప్పటికీ ఎవరైనా నన్ను అడుగుతారు, లేజరు చేయించుకోవచ్చా అని. నాకు కలిగినవి చెబుతాను. పొద్దున లేవగానే దిండు పక్కన తడుముకోవడం పోయింది. వానలో నడవొచ్చు. వెనక బెంచీలో ఎవరు చింతకాయ తింటున్నారో బల్ల దగ్గరి నుంచే కనబడుతుంది, పిల్లలు దీన్ని లాభంగా ఒప్పుకోరు. ఎండాకాలం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని వైపు నుంచి దుమ్ముగాలి లేస్తే కళ్లు ఇసుక పోసినట్టు గరగరలాడతాయి. చుక్కల సీసా సంచిలో లేకుండా గడప దాటను. బ్లేడు లేకపోవడం వల్ల మంచి జరిగిందా, బ్లేడైనా ఇంతే జరిగేదా అంటే నాకు తెలియదు. నాకున్నవి రెండే కళ్లు, రెంటికీ ఒకే పద్ధతి చేశారు.

దీపాల చుట్టూ వలయాల సంగతి మాత్రం ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. డాక్టరుగారు దాన్ని నష్టాల్లోనే చెప్పారు. పొద్దుగూకాక మేడ మీదికి పోతే, దూరాన మట్టి గుట్టల మీద వెలిగే ఓపెన్‌కాస్టు దీపాలు ఒక్కొక్కటి నెమలికన్నులా విచ్చుకుని ఉండేవి. లోపల తెలుపు, చుట్టూ పసుపు, అంచున లేత ఊదా. మట్టి మోసే డంపర్లు గుట్ట ఎక్కుతుంటే రెండేసి నెమలికన్నులు ఒకదాని వెనక ఒకటి మెల్లగా పాకేవి. బండి నడిపేవాళ్లకు అది ప్రమాదమే, నేను నడపను. బట్టలు తీసే నెపంతో రోజూ ఆ వేళకు మేడెక్కేదాన్ని.

నాలుగో నెలలో ఒక సాయంత్రం చూస్తే అవి లేవు. దీపాలు దీపాల్లాగే ఉన్నాయి, చిన్నగా, గట్టిగా, దేనికది విడిగా. కళ్లు మూసి తెరిచాను. చుక్కల మందు వేసుకుని మళ్లీ చూశాను. కింది నుంచి అత్తమ్మ కేకేసింది, బట్టలు తీయడానికి ఇంతసేపా అని.

"అత్తమ్మా, దీపాలు మంచిగ అయినయ్," అన్నాను.

"అయితె మంచిదే గద. గొంతు గట్లున్నదేంది?"

దండెం మీది బట్టలు ఒక్కొక్కటీ మడిచి భుజాన వేసుకున్నాను. తువాలు ఇంకా తడిగానే ఉంది. దాన్ని అక్కడే వదిలేసి కిందికి దిగాను.